రేకుల కింద కుర్చీ

పొద్దున్నే కృపమ్మకు మొదటి పని, బిడ్డకు చాయ్ అందించడం. స్టూలెక్కి, మునివేళ్ల మీద నిలబడి గ్లాసు పైకి పట్టుకునేది. కెజియా కుర్చీలోంచి వంగి తీసుకునేది. పిల్ల తలకూ పై రేకులకూ మధ్య జానెడు సందు కూడా లేదు.

ఆ తిరిగే కుర్చీని కృపమ్మ భర్త సాల్మన్ తాను ఊడ్చే కంప్యూటర్ ఆఫీసు నుంచి తెచ్చాడు. చెయ్యి విరిగిందని పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. మెడలో కార్డులు వేసుకుని బస్సు దిగే అమ్మాయిలను ఆయన రోజూ చూస్తాడు. బిడ్డను అందులో చదువుకోమని కూర్చోబెట్టి, చర్చికి పోయి, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పే సాక్ష్యానికి లేచాడు.

"నా బిడ్డను దేవుడు కంప్యూటర్ ఇంజనీరును చేసిండు."

చేస్తాడని కాదు, చేసిండనే. కోరింది అప్పుడే దొరికినట్టు సాక్ష్యం చెప్పడం ఆ సంఘంలో అలవాటు. అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చేసరికి కుర్చీ, అందులో పిల్ల, నేలకు మూరెడు పైన గాల్లో ఉన్నారు. అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పినప్పుడల్లా కుర్చీ లేస్తూనే ఉంది. కొండాపూర్‌లో ఆ గల్లీవాళ్లు ఒక నిచ్చెన ఎరువిచ్చారు.

"ఇంజనీరమ్మా, పైన గాలొస్తుందా?" పక్కింటి సత్తెమ్మ గుమ్మంలోంచి పలకరించింది. కుర్చీ బెత్తెడు లేచింది.

"నీ నోటికి దండం పెడతా సత్తెమ్మా, అట్ల పిలువకు! పిల్ల తల తాకుతుంది."

ఎండలు ముదిరాయి. సోమవారం ఎంట్రన్స్ పరీక్ష. రేకుల వేడికి కెజియా తిన్నది కక్కుకుంటోంది. రాత్రిళ్లు కూడా చదువుతూ కుర్చీలోనే కునికేది.

"ఈ ఆదివారం సాక్ష్యం చెప్పకు," అంది కృపమ్మ.

"ఇప్పుడు ఆపితే నమ్మకం లేనట్టే గద! పరేషాన్ గాకు, రేకు తీస్త. పైకి పోనీ."

అన్నట్టే తీశాడు. ఆ సందులోంచి ఎండ నేరుగా లోపలికి దిగింది.

"నీకేం గావాలె బిడ్డా?" కృపమ్మ కిందనుంచి అడిగింది.

ఆ మాట కెజియాను అంతవరకు ఎవరూ అడగలేదు.

"ఏమో అమ్మా. ముందుగాల కింద పండుకోవాలె."

ఆదివారం సాల్మన్ లేవబోతుంటే, ఎన్నడూ నోరు విప్పని కృపమ్మ ముందే లేచి నిలబడింది.

"నా బిడ్డ నేల మీద పండుకున్నది. కంటినిండ నిద్రపోయింది. దేవునికి స్తోత్రం."

ఇంత చిన్నదానికి సాక్ష్యమా అని ఎవరో నవ్వారు. ముందు వరసలో ఒక ముసలమ్మ ఆమెన్ అంది. తర్వాత అందరూ అన్నారు. సాల్మన్ ఒక్కడే అనలేదు.

వాళ్లు ఇల్లు చేరేసరికి కుర్చీ నేలకు దిగి ఉంది. కెజియా గచ్చు మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది. సాయంత్రం లేవలేదు. తెల్లారినా లేవలేదు.

పరీక్ష వేళైంది. సాల్మన్ లేపుదామని వంగాడు. పైనుంచి ఎండ పిల్ల ముఖం మీదికి జరుగుతోంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన నీడ బిడ్డ ముఖం మీద పడింది. ఎండ జరిగినప్పుడల్లా తనూ జరిగాడు.

"డ్యూటీకి పోవా?" అంది కృపమ్మ.

"మెల్లగ మాట్లాడవే," అన్నాడు సాల్మన్.