నాలుగో సంచి మొలకలు

గని తవ్విన మట్టినంతా పోసి పోసి ఇళ్ల వెనక ఒక గుట్ట చేశారు. దాని మీద గడ్డిపరక మొలవదు. వానొస్తే మట్టి జారి కిందికొస్తుంది. ఆ గుట్టను పచ్చగా చేసే భారం గని పెద్దసారు అక్క నెత్తిన పెట్టాడు. కుర్చీలో కూర్చుని "పచ్చగా ఉండాలమ్మా" అనడానికి ఆయనకేం పోయింది, మొలవాల్సింది గింజ కదా.

ల్యాబులో అందరికీ ఆమె అక్కే. ఒకే రకం గడ్డి గింజల్ని నాలుగు చోట్ల నుంచి తెప్పించి, గుట్ట మట్టి నింపిన ట్రేలలో చల్లి, ఏ చోటి గింజ ఆ పాడు మట్టిని తట్టుకుంటుందో చూడడం ఆమె పని. మూడు సంచులు దూరం నుంచి లారీలో వచ్చాయి. నాలుగోది గుట్ట వారన గింజల మామ ఏరినది. చుట్టుపక్కల కొండలు తిరిగి గింజలు ఏరడమే ఆయన బతుకు. వానాకాలం మొదట్లో ఆ సంచి గేటు దగ్గర దొరికిందని అక్క తమ్ముడు తెచ్చిచ్చాడు. మామ మాత్రం మళ్లీ కనబడలేదు. ఎటో వెళ్లిపోయి ఉంటాడని ఆఫీసు వాళ్లు చేతులు దులుపుకున్నారు.

మూడు ట్రేల మొలకలు నిటారుగా లేచాయి. నాలుగో ట్రేలోవి మాత్రం అన్నీ తలుపు వైపు వాలాయి. మొక్క వాలితే వెలుతురు వైపు వాలాలి, కిటికీయేమో ఎదురు గోడకి ఉంది. అక్క ట్రేని తిప్పి పెట్టింది. మర్నాటికి మళ్లీ తలుపు వైపే. వంకర మొలకల్ని అసాధారణం కింద లెక్కేసి పారేయడం ఈ పనిలో మామూలే. అయినా వాటిని పీకడానికి ఆమెకి చేతులు రాలేదు. ఎందుకో తెలియని భయం వేసింది.

తమ్ముడు టిప్పరు నడుపుతాడు. గుట్ట మీద మట్టి దింపేది అతనే. తల్లి పోయాక అక్కే అతన్ని పెంచి పెద్దచేసింది. మధ్యాహ్నం ఆమె దగ్గరికే వచ్చి, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని క్యారేజీ విప్పుతాడు. ఆ స్టూలు వైపు చూశాక అక్కకి ఒక అనుమానం పుట్టింది. దాన్ని తీసి కిటికీ కింద వేసింది.

"ఇవాళ ఇక్కడ కూర్చోరా."

"ఏంటక్కా, ఇక నామీద కూడానా పరీక్షలు?"

"నోరు మూసుకుని తిను."

మొలకలు కదలడం ఎవరూ చూడలేదు. అతను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మాత్రం అన్నీ కిటికీ వైపు ఉన్నాయి. వెలుతురుకే తిరిగి ఉంటాయిలే అని అక్క మనసుకి సర్దిచెప్పుకుంది. మర్నాడు స్టూలుని బీరువా మూలకి జరిపింది. అక్కడ పట్టపగలు కూడా చీకటే. అతను అక్కడ కూర్చున్నాక మొలకలు ఆ చీకట్లోకి వాలాయి.

ఈసారి తమ్ముడూ చూశాడు. చేతిలో ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేశాడు.

"ఆ సంచి నిజంగా గేటు దగ్గరే దొరికిందా?" అని అడిగింది అక్క.

అతను గిన్నె పక్కకి నెట్టాడు.

"బండి వెనక్కి తీసి మట్టి దింపానక్కా. వానకి అద్దంలో ఏమీ కనబడలేదు. దిగి చూస్తే సంచి ఉంది, ఆయన లేడు. పిలిచాను. గొంతు పోయేలా పిలిచాను. ఎవరైనా చూస్తారేమోనని..." చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. "ఆ మట్టి మీదే ఇంకో లోడు పోసేశాను."

చెబితే తమ్ముడు జైలుకి పోతాడు. చెప్పకపోతే మామ ఎప్పటికీ ఇల్లు వదిలి పోయినవాడే. ఏదీ తేల్చుకోకముందే తలుపు చప్పుడైంది. మామ భార్య. వారం వారం వచ్చి అడగడం ఆమెకి అలవాటైపోయింది. ఆమె గొంతు వినగానే తమ్ముడు వెనక తలుపు గుండా జారుకున్నాడు. టిప్పరు గుట్ట వైపు వెళ్లిన చప్పుడు వినబడింది.

"మీ మామ సంగతి ఏమైనా తెలిసిందా అమ్మాయ్?"

"లేదత్తా," అంది అక్క. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆవిడ కళ్లు ట్రేల మీద పడ్డాయి. "ఆయన ఏరినవి ఏవి?"

"అవిగో, ఆ చివరివి. వంకర పోయాయి. పారెయ్యాలి."

"పారెయ్యడం ఎందుకు, నాకియ్యి. గుమ్మం ముందు పెట్టుకుంటాను. మీ ఇంటికి ఎదురే కదా, నేను లేనప్పుడు నువ్వో తమ్ముడో కాసిని నీళ్లు పోద్దురు."

అక్క ట్రేని ఎత్తి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ ట్రేని చంకన పెట్టుకుని, చినుకుల్లో తలవంచుకుని గేటు వైపు నడిచింది. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. తమ్ముడు వెళ్లిన గుట్ట ఎడమవైపు ఉంది. మొలకలు అటు తిరగలేదు. చంకలో పిల్లలు వెనక్కి చూసినట్టు, ఆవిడ మోచేతి మీదుగా, అన్నీ అక్కనే చూస్తున్నాయి.