ఏడో ప్రూఫు

టోనరు డబ్బాను రెండు చేతులా పట్టుకుని రత్నాలు అటూ ఇటూ ఊపుతోంది. టోనరు అయిపోయిందని జిరాక్సు మిషను ఎర్రలైటు వేసి చెప్పినా ఆమె నమ్మదు. గట్టిగా ఇరవై ఊపులు ఊపితే ఇంకో వంద కాపీలు వస్తాయని ఆమె అనుభవం. సంత రోజు పొద్దున్న ఏడింటికి పాడేరు నుంచి కొత్త టోనరు ఎవడు తెచ్చిస్తాడు? ఊపింది, లోపల పెట్టింది, మూత వేసి అరచేత్తో ఒక్కటిచ్చింది. మిషను మూలిగి, వెలిగింది.

హుకుంపేట రోడ్డు మీద ఆ కొట్టు వెడల్పు ఎనిమిది అడుగులు. జిరాక్సు మిషను, కంప్యూటరు, లామినేషన్ మిషను, ఇన్వర్టర్ బ్యాటరీ, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు. ఇవన్నీ పోగా మిగిలిన చోటులో రత్నాలు ఉంటుంది. యాభై రెండేళ్ల మనిషి. పొట్టి. చీర మీద మగవాళ్ల స్వెట్టరు, చెవులు కప్పుతూ మఫ్లరు. మిషను మూత ఎత్తీ దించీ ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి జారింది. వేళ్ల గీతల్లో టోనరు నలుపు ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు. ఆ వేళ్లతో అన్నం తింటే అన్నానికి కూడా అదే వాసన వస్తుందని ఎవరితోనూ అనలేదు గానీ, ఆమెకు తెలుసు.

చోడవరం దగ్గర పల్లెలో పుట్టింది. టైపు లోయరు పాసయింది. పెళ్లయ్యాక భర్త లక్ష్మీప్రసాద్ ఘాట్ ఎక్కించి తీసుకొచ్చి ఈ కొట్టు పెట్టాడు. రెండో వానాకాలంలో మలేరియా మెదడుకెక్కి తొమ్మిది రోజుల్లో పోయాడు. కిందికి వచ్చెయ్యమని అందరూ అన్నారు. "వచ్చీసి ఎవరింట్లో గిన్నెలు తోమాల?" అని ఒక్కమాట అడిగింది. ఆమె ఇక్కడే ఉండిపోయింది. అది జరిగి ఇరవై రెండేళ్లు.

ఎనిమిదింటికల్లా మంచు ఇంకా రోడ్డు మీద ఉండగానే జనం దిగారు. ఆధార్ కాపీలు, కుల సర్టిఫికెట్ దరఖాస్తులు, పోడు పట్టాల జిరాక్సులు. అల్లం బస్తా గుమ్మంలో దింపి ఒకాయన బ్యాంకు పాసుపుస్తకం అందించాడు. సుక్రు అనే ముసలామె పింఛను కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో, దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టి తెచ్చింది. విప్పడానికి పట్టిన సేపు కాపీ తియ్యడానికి పట్టలేదు. రత్నాలు చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్లు మాత్రం రోడ్డు మలుపు మీద ఉన్నాయి. పదకొండు గంటల జీపులో గాసి మాస్టారు రావాలి.

పోయిన వారం ఆయన రాలేదు.

కిల్లో గాసి ఆశ్రమ పాఠశాలలో ముప్ఫై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. తన కొండల్లో ఆ భాష మొదట నేర్చినవాళ్లలో ఒకడు. అందుకే కాబోలు, దానిమీద కొత్త కోడలి మీద అత్తగారికున్నంత నిఘా. లక్ష్మీప్రసాద్ పోయిన రెండో నెలలో మొదటిసారి కొట్టు ముందు నిలబడి, బోర్డు చదివి, లోపలికి వచ్చాడు. ఆ బోర్డు మీద జిరాక్సుకీ లామినేషన్‌కీ టైపింగ్‌కీ మధ్యనే కాదు, ప్రతి ఇంగ్లీషు మాటకీ మాటకీ మధ్య ఒక అడ్డగీత ఉంది.

"అమ్మా, ఈ గీతలేటి? మేకలు దూరకుండా దడి కట్టినావా?" అన్నాడు.

"బోర్డు మాది, రంగు మాది. మీకేటండీ నొప్పి?" అంది రత్నాలు.

"దీన్ని హైఫన్ అంటారు. రెండు మాటలు కలిసి ఒక పని చేస్తేనే వాటికి ఈ ముడి ఎయ్యాలి. దారిన పోయే అందరికీ ఎయ్యకూడదు."

ఆ బోర్డు లక్ష్మీప్రసాద్ రాయించిందని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆయన బోర్డు ఊసెత్తలేదు. అది ఇవాళ్టికీ ఆ దడితోనే ఉంది. కొట్టులో టైపయ్యే మిగతా ఇంగ్లీషంతా ఆయన సొత్తయింది. సంత రోజు వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఎర్ర రీఫిల్ పెన్నుతో అర్జీలూ పెళ్లికార్డులూ దిద్దేవాడు. ఇంగ్లీషులో పదేళ్ల పిల్లాడు అన్నప్పుడు ఆ పదేళ్లు పిల్లాడి ముందుంటే హైఫన్లు కావాలి, వెనకుంటే అక్కర్లేదు అనేవాడు. "ముందుంటే పొత్తు, వెనకెల్తే ఇడాకులేటి మాస్టారూ? అదేటి నాయం?" అని ఆమె ఎదురు తిరిగేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఇద్దరూ. ఆయన ఉన్నంతసేపూ ఆమె ఒప్పుకోదు. ఆయన జీపెక్కగానే ఫైలు తెరిచి, ఆయన చెప్పినట్టే దిద్దేస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియదని ఆమె నమ్మకం.

మొన్నటి వర్షాలు మొదలయ్యాక మాస్టారి షుగరు కిడ్నీలకు పాకింది. వారానికి రెండుసార్లు ఘాట్ దిగి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. నాలుగు నెలలు వెళ్లాడు. తర్వాత మానేశాడు. వాళ్ల ఊరికి జీపు పోదు. రోడ్డు ఆగిన చోటినుంచి మైలున్నర కొండెక్కాలి. "బతకడానికని ఎల్లి, దారిలో సగం సచ్చి వత్తన్నాను. ఇదేం లెక్క?" అన్నాడు. ఆ తర్వాతి సంతకు ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. రత్నాలు చదివి, వేడి పెనం తగిలినట్టు వదిలేసింది. అది ఆయన పెద్దదినం కార్డు, చావు తర్వాత పదో రోజు కర్మకు పిలుపు. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. తేదీ ఒక్కటే ఖాళీ.

"బతికున్నోరికి పెద్దదినం కార్డేటి మాస్టారూ! సిగ్గు నేదా మీకు?"

"నా అన్న కూతురు దేముడమ్మ ఎవడిచేతో రాయిస్తుంది. వాడు తప్పులు రాస్తాడు. నా దగ్గర చదువుకున్న నర్సులు, గుమస్తాలు, మాస్టర్లు అది పట్టుకుని నవ్వుతారు. ముప్ఫై నాలుగేళ్లు దిద్దినోడి చావులో తప్పులా?"

చింత చచ్చినా పులుపు చావలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె టైపు చేసింది. కానీ కార్డు పూర్తయితే మనిషి పూర్తయినట్టేనని ఆమెలోని మైదానపు ఆడది భయపడింది. అందుకని ముప్ఫైకీ నాలుగుకీ మధ్య ఉండాల్సిన హైఫన్ కావాలనే తీసేసింది. ఆయన పట్టుకున్నాడు. "వచ్చే వారం దిద్ది ఉంచుతాను" అంది. వచ్చే వారం ఇంకో తప్పు. మరో వారం ఆయన పేరునే లైను చివర రెండు ముక్కలు చేసి గీత పెట్టింది. "మనిషి పేరు విరగ్గొట్టకూడదమ్మా! చోటు లేకపోతే కింది లైనుకు దింపాలి!" అని అరిచాడు. ఆ అరుపుకి ఆమె కడుపు నిండింది. అలా ఒక్కో తప్పుకీ ఒక్కో వారం చొప్పున ఆయన్ని నిలబెట్టుకొస్తున్నాననుకుంది. పిచ్చిదేం కాదు. కాగితానికీ కిడ్నీకీ సంబంధం లేదని ఆమెకు తెలుసు. తెలిసినా మానలేకపోయింది.

పదకొండున్నరకు జీపు వచ్చింది. ఆయన దిగడానికి ఇద్దరు చెయ్యి పట్టాల్సి వచ్చింది. పొడుగాటి మనిషి, సగానికి వంగాడు. తెల్లచొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి. పాదాలు నీరు పట్టి చెప్పు పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. రోడ్డు దాటడానికి మూడుసార్లు ఆగాడు. స్టూలు మీద కూర్చున్నాక మాట్లాడ్డానికి చాలాసేపు పట్టింది.

ఎదురుగా కొత్తగా కోడిమాంసం కొట్టు తెరిచారు. బోర్డు మీద మూడు ఇంగ్లీషు మాటలు, వాటి మధ్య రెండు హైఫన్లు. దాన్ని చూసి మాస్టారు ఎలా ఎగురుతాడోనని రత్నాలు పది రోజులుగా ఎదురుచూస్తోంది.

"ఎదర బోర్డు సూసినారా?"

"చూశాను. పోనీలే."

ఆ మాటకు ఆమె చెయ్యి మిషను మూత మీదే ఆగిపోయింది. పోనీలే అన్నమాట ఆయన నోట ఇన్నేళ్లలో వినలేదు.

"కార్డు తియ్యమ్మా" అన్నాడు.

ఏడో ప్రూఫు తీసి ఇచ్చింది. అందులో ఈసారి పెద్ద తప్పే పెట్టింది. అందరూ అనే చోట ఏకవచనం క్రియ వేసింది. ఆయన దగ్గర ఆరో తరగతి పిల్ల కూడా చెయ్యని తప్పు. ఆయన కాగితాన్ని కళ్లకు ఆనించుకుని పై నుంచి కిందికి చదివాడు. జేబులోని ఎర్ర పెన్ను తియ్యలేదు.

"బాగుంది."

"సరిగా సూడండి మాస్టారూ."

"చూశాను."

"నేదు, మల్లీ సూడండి. బేగి ఏటి తొందర? ఇంకోపాలి సూడండి." ఆమె గొంతు పైకి లేచింది. వరసలో నిలబడ్డవాళ్లు తల తిప్పి చూశారు.

ఆయన కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని మెల్లగా నిమిరాడు. "రత్నాలమ్మా, నీకు చేతకాక చేసే తప్పులు నాకు తెలుసు. కావాలని పెట్టే తప్పులూ తెలుసు. మొదటి వారమే తెలిసింది. నాకూ బాగానే ఉండేది, వచ్చి వెతుక్కునేవాణ్ని. ఇంక నా వల్ల కాదమ్మా. ఆ తప్పు దిద్దెయ్యి."

"ఆస్పత్రికి ఎల్దాం రండి. నాను కొట్టు కట్టీసి వత్తాను. రెండు గంటల బస్సుంది. నాను తోడుంటాను గదా."

"వద్దు."

"నా మాట ఒక్కపాలి ఇనండి మాస్టారూ. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏదీ అడగలేదు."

"నేను అడుగుతున్నాను. నా పేరు మీద తప్పు పోకుండా చూడు. నిన్ను తప్ప ఇంకెవర్ని అడుగుతాను?"

రత్నాలు కంప్యూటరు వైపు తిరిగింది. కళ్ల నీళ్లలో అక్షరాలు రెండుగా కనబడుతున్నాయి. ఆ క్రియ మీద కర్సర్ పెట్టి, చెరిపి, బహువచనం కొట్టింది. ఆయన ఎదుట ఆయన చెప్పినట్టు దిద్దడం అదే మొదటిసారి.

"మీరే రైటు మాస్టారూ" అంది, తిరక్కుండానే. "ఇడాకుల కాడ నుంచీ మీరే రైటు."

ఆయన గెలిచిన ముఖం పెట్టలేదు. "అన్నిసార్లూ కాదులే. కో-ఆపరేటివ్ మాటకి హైఫన్ లేకపోయినా పరవాలేదన్నావు చూడు, అది నువ్వే రైటు. ఇంటికెళ్లి డిక్షనరీ చూశాను. నీకు చెప్పలేదు" అన్నాడు. అది ఎప్పటి మాటో! పదిహేనేళ్లవుతుంది.

తేదీ నువ్వే ఎయ్యి అని చెప్పి ఆయన లేచాడు. జీపుల దాకా దిగబెట్టాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. వరసలో ఎనిమిదిమంది ఉన్నారు. ఒక పిల్ల స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు అది ఆఖరి రోజు. రత్నాలు ఆగిపోయింది. ఆగినందుకు తనను తాను ఈ జన్మకి క్షమించుకోదు. సంత జనంలో తెల్లచొక్కా కాసేపు కనిపించి, పిప్పళ్ల బస్తాల వెనక్కి పోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది, వచ్చింది. టోనరు మళ్లీ ఊపింది. క్యారేజీ విప్పలేదు.

నాలుగున్నరకు జీపు డ్రైవరు పైడిరాజు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతిలో విస్తళ్లు కుట్టే అడ్డాకుతో చుట్టిన పొట్లం ఉంది.

"మాస్టారు పోనారు రత్నాలమ్మా."

ఆమె మిషను మూత దించింది.

"పక్కోడి బుజం మీద తలెట్టుకున్నారు. నిద్దరోతన్నారనుకున్నాం. రోడ్డాఖర్న అందరూ దిగినారు, ఈయన దిగనేదు. ఊరోళ్లొచ్చి డోలీ కట్టి మోసుకెల్లినారు." పైడిరాజు మఫ్లరుతో ముఖం తుడుచుకున్నాడు. "కార్డులు నీ కాడ ఉన్నాయని మాస్టారు సెప్పినారట, దేముడమ్మ తియ్యమంది. పదో రోజుకట."

రత్నాలు వేళ్ల మీద పది రోజులు లెక్కపెట్టింది. ఒకసారి తప్పు వచ్చింది, మళ్లీ లెక్కపెట్టింది. ఫైలు తెరిచి ఖాళీలో తేదీ కొట్టింది. మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టుకుని చదివింది. ఒక్క తప్పు ఉంటే బాగుండునని చదివింది. ఎక్కడా లేదు. ముడి పడాల్సినచోట ముడి ఉంది, పేరు ఒకే లైనులో నిండుగా ఉంది. అప్పుడు బల్ల మీద తల పెట్టి, కొట్టు ముందు జనం చూస్తున్నారని కూడా లేకుండా, పైకే ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు.

పైడిరాజు పొట్లం బల్ల మీద పెట్టాడు. "సీటు మీద ఉండిపోనాది. సంతలో కొన్నారు. మాస్టారింటికి పట్టుకెల్లడానికి నాకు మనసొప్పనేదు" అని వెళ్లిపోయాడు.

ప్రింటరు కార్డులు ఒక్కొక్కటే బయటికి తోస్తోంది. రత్నాలు నల్లటి వేళ్లతో అడ్డాకు విప్పింది. లోపల నాలుగు జిలేబీలు. పదకొండేళ్లుగా పంచదార ముట్టని మనిషి వాటిలో ఒకదాన్ని సగం కొరికి, మిగిలిన సగాన్ని మిగతావాటి మీద జాగ్రత్తగా పెట్టుకున్నాడు.