అత్యవసర నిల్వ

బీరువా మీద ఎర్ర అక్షరాలతో 'అత్యవసర నిల్వ' అని రాసి ఉంటుంది. లోపల వైరస్‌ను ఆపే మాస్కులు రెండు వందలు. తాళంచెవి సూపరింటెండెంటు జేబులో. పిల్లల ఆసుపత్రిలో ఆయన్ని చాటుగా 'సీలు సారు' అంటారు. వైరస్ వచ్చినప్పటి నుంచి ఆయన కంటబడిన ప్రతిదానికీ తాళం వేసి సీలు కొట్టించాడు, చేతులు కడిగే సబ్బుతో సహా.

ఆ రోజు ఉదయం పది గంటలకు ఒకావిడ మూడేళ్ల మనవరాలిని చంకనేసుకుని పరుగున వచ్చింది. పిల్ల రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ మింగి అప్పటికి అరగంట. ఎక్స్‌రేలో అది గొంతు దిగి, అన్నవాహికలో ఇరుక్కుని కనిపించింది. రెండు గంటలు దాటితే అక్కడి కండ కాలి రంధ్రం పడవచ్చు.

డాక్టరమ్మ ఎండోస్కోపీ చేసి దాన్ని బయటికి లాగాలి. నోట్లోంచి గొట్టం పోయి వచ్చేలోపు పిల్లలు దగ్గుతారు, ఆ తుంపర గదిలో ఉన్నవాళ్ల మీద పడుతుంది. కిందటి వారం గుడ్డ మాస్కుతో నిలబడ్డ మత్తు డాక్టరు ఇప్పుడు పై అంతస్తులో ఆక్సిజన్ మీద ఉన్నాడు. అందుకని ఈసారి గదిలోకి నలుగురే అని డాక్టరమ్మ తేల్చింది. నాలుగు మాస్కుల కోసం పెద్ద సిస్టర్‌ను పంపింది.

"కమిటీ సంతకాలు కావాలమ్మా," అన్నాడు సీలు సారు. "ఐదుగురు. మీటింగు మూడింటికి."

"మూడింటికి పిల్ల గొంతు ఉండదు సార్. ఇది అత్యవసరం కాదా?"

"కాదని నేనన్నానా? ఇప్పుడు వాడేస్తే, రేపు నిజంగా అత్యవసరం వస్తే ఏం చేస్తావు?"

సిస్టర్ ఆయన ముఖం వంక చూసింది.

"మరి మీ మూతి మీదున్నది ఎక్కడిది సార్?"

"ఇదా? శాంపిల్. నాణ్యత పరీక్షిస్తున్నాను."

"ఎన్నాళ్లుగా?"

"రోజుకొకటి."

సిస్టర్ వెనక్కి తిరిగింది. వరండాలోకి వెళ్లి ఆక్సిజన్ సిలిండర్ తిప్పే పానా తెచ్చింది. బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ తాళం మీద పడిన దెబ్బకు ఉలిక్కిపడి లేచింది.

"ఏం చేస్తున్నావు తల్లీ?"

"అత్యవసరాన్ని బయటికి తీస్తున్నా పెద్దమ్మా."

నాలుగు మాస్కులే తీసింది. పదకొండుంబావుకు బ్యాటరీ బయటికి వచ్చింది. అంచు నల్లబడింది. పిల్ల అన్నవాహిక కమిలింది గానీ రంధ్రం పడలేదు. సిస్టర్ ఆ బిళ్లను కడిగి స్టీలు గిన్నెలో వేసింది.

సాయంత్రం ఆమెకు మెమో వచ్చింది: తాళం ఎందుకు పగిలినదో లిఖితపూర్వకంగా తెలుపవలెను. 'అత్యవసరం వచ్చినది' అని రాసిచ్చింది.

మర్నాడు బీరువాకు కొత్త తాళం వచ్చింది. పానాకు లొంగదు, రిమోట్‌తోనే తెరుచుకుంటుంది. నాలుగో రోజు సీలు సారు శాంపిల్ మార్చుకోవడానికి వచ్చి, బీరువా ముందు నిలబడి రిమోట్ పదిసార్లు నొక్కాడు.

"సిస్టర్, ఎక్కడైనా బిళ్ల బ్యాటరీ ఉందా? అర్జెంటు."

ఆమె లోపలికి వెళ్లి స్టీలు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఒకటుంది సార్. కడిగాను కూడా. కమిటీ సంతకాలు తెచ్చారా?"