వంద గ్రాముల గుంట

చిన్న కాటా ముల్లు కుదురుకునేదాకా మేస్త్రి ఊపిరి వదలడు. నోటి గాలి తగిలినా తూకం అటూ ఇటూ అవుతుంది. వంటింటి కిటికీ మూసి, ఫ్యాను ఆపి, బల్ల మీద ఏడు కాగితం ముక్కలు పరుచుకున్నాడు. ఒక్కో డబ్బాలోంచి ఒక్కో పొడిని గోటి మొనంత తీసి పళ్ళెంలో వేస్తున్నాడు. జింకు. మెగ్నీషియం. పసుప్పచ్చటి విటమిను ఒకటి. దాని పేరు తడబడకుండా పలకడానికి అతనికి రెండు వారాలు పట్టింది. చివర్లో బొగ్గులాంటి నల్లపొడి. ఒంట్లో ఎక్కడో దాక్కున్న లోహాలను పట్టుకుని బయటికి ఈడ్చుకొస్తుందట అది.

"బంగారం తూచినట్టు తూస్తారు," అంది భార్య గుమ్మంలో నిలబడి.

ఒకప్పుడు ఆ మాటలో మెచ్చుకోలు ఉండేది.

అతను కాగితాలను పొట్లాలుగా మడిచాడు. ఏ పొట్లం విప్పినా పొడి ఒలకదు, ఏ మడతా వంకర పోదు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం చుట్టాడు. చేతులు మాత్రం ఇంకా వణకవు. వేళ్ళ చివర్ల గీతల్లో బూడిదరంగు మరక ఉంది. మూడేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు సబ్బుతో తోమినా అది పోలేదు.

పాప కిటికీ కింద నేల మీద కూర్చుని చెంచాలు పేరుస్తోంది. పెద్దది, దాని పక్కన కొంచెం చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది. తొమ్మిదేళ్ళు. మాటలు లేవు. పిలిస్తే పలకదు కానీ, ఒక చెంచా వెంట్రుకవాసి పక్కకు జరిగితే గది అవతల నుంచైనా వచ్చి సర్దుతుంది. పాప తినేవి మూడే మూడు, అన్నీ తెల్లవి. పాలు, రొట్టె, అన్నం. వాటిలో మొదటి రెండూ ఎనిమిది నెలల కిందట మేస్త్రి మాన్పించాడు. పాలల్లో, గోధుమలో ఉన్నదేదో పేగుల్లోంచి కారి మెదడుకు ఎక్కుతుందని ఫోను గ్రూపులో ఒక తండ్రి రాశాడు. ఆ తండ్రి కొడుకు ఆరువారాల్లో "నాన్నా" అన్నాడట. మేస్త్రి ఆ మాటలను ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

"బడివాళ్ళు మిమ్మల్ని కూడా రమ్మన్నారు," అంది భార్య. "ఇవాళే."

"ఎందుకట?"

"వస్తే తెలుస్తుందిగా."

అలమారలో పొట్లాలు పెడుతుంటే చెయ్యి తగిలి ఎర్ర గోళ్ళరంగు సీసా ఒకటి దొర్లింది. మేస్త్రి దాన్ని నిలబెట్టి, భార్య చేతుల వైపు చూశాడు. గిన్నెలు తోమి తోమి అరిగిన గోళ్ళు. వాటికి ఏ రంగూ లేదు. ఎప్పుడూ చూసిన గుర్తూ లేదు. ఆడవాళ్ళ వస్తువులు ఎందుకు కొంటారో ఆడవాళ్ళకే తెలియాలి అనుకుని అలమార మూసేశాడు.

ఆరో తరగతిలో బడి మానేసినవాడు అతను. బజారు చివర కాటాలు బాగుచేసే దుకాణంలో చేరాడు. యజమాని పోయాక ఆ దుకాణమే తనదయింది. కూరగాయల కొట్టు త్రాసు నుంచి గోదాము కాటా దాకా ఊళ్ళో దేని ముల్లు పక్కకు వాలినా మేస్త్రి దగ్గరికే రావాలి. ఇత్తడి తూకపురాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. రాయి అరిగి బరువు తగ్గితే ఆ గుంటలో సీసం కరిగించి పోస్తారు. ముద్ర కొట్టేది ఇనస్పెక్టరు, సీసం పోసేది మేస్త్రి. పోసిన చెయ్యి చొక్కాకు తుడుచుకోవడం, ఆ చొక్కాతోనే ఇంటికి రావడం, ఎదురొచ్చిన పాపను ఎత్తుకోవడం. చొక్కాలో ముఖం దాచుకుని పడుకునేది పాప.

పాప మొదటి మాట "అమ్మ" కాదు, "కిలో". దుకాణంలో కూర్చుని ఇత్తడి రాళ్ళన్నీ ఎత్తు ప్రకారం పేర్చి, పెద్దదాని మీద చెయ్యి వేసి "కిలో" అనేది. బజారంతా నవ్వేది. రెండేళ్ళు నిండాక ఆ మాట పోయింది. మిగతా నాలుగైదు మాటలూ పోయాయి, కొట్టు కట్టేసేటప్పుడు ఒక్కొక్క దీపం ఆర్పినట్టు.

పాపకు ఏమయిందో తెలుసుకోవాలని, నిఘంటువు పక్కన పెట్టుకుని, తెలియని మాట తెలియని మాటతో కూడబలుక్కుని మేస్త్రి చదవడం మొదలుపెట్టాడు. మూడేళ్ళ కిందట ఒక పేజీలో "సీసం" అన్న మాట కనబడింది. ఆ రోజు అన్నం తినలేదు. చొక్కాలన్నీ తగలబెట్టాడు. పాపను దుకాణానికి తీసుకురావడం మానేశాడు. ఇంట్లో ఆడుకోవడానికి ఇచ్చిన పాత రాళ్ళన్నీ లాక్కుని పెట్టెలో పెట్టి తాళం వేసి దుకాణానికి చేర్చాడు. ఆ లాక్కున్న రోజు పాప ఏడవలేదు. తన చేతుల కేసి చూసుకుంది, అంతే.

డాక్టరు రెండుసార్లు రక్తం పరీక్ష చేయించాడు. "సీసం ఏమీ లేదయ్యా. నీ పని వల్ల రాలేదిది. పిల్ల పుట్టుకే అంత. నువ్వు నిద్రపో," అన్నాడు. రక్తంలో లేకపోతే ఎముకల్లో ఉందేమో అనుకున్నాడు మేస్త్రి. గ్రూపువాళ్ళు చెప్పిన చోటికి పాప జుట్టు కత్తిరించి పంపితే, సీసం ఉందని ఎర్ర గీతలున్న కాగితం తిరిగొచ్చింది. డాక్టరు దాన్ని చూసి పక్కన పడేశాడు. మేస్త్రి తెచ్చి దేవుడి పటం పక్కన పెట్టాడు. తప్పు తనదైతే దిద్దే దారి కూడా ఉంటుంది. ఎవరి తప్పూ కాదంటే, ఇక చెయ్యడానికి చేతులకు ఏమీ మిగలదు.

*

బడిలో టీచరమ్మ ఒక కాగితం ముందు పెట్టింది.

"ఎనిమిది నెలల్లో నాలుగు కిలోలు తగ్గిందండీ పాప. పెరగాల్సిన వయసు. మధ్యాహ్నం పక్కపిల్ల పళ్ళెంలో రొట్టె లాక్కుని తింటోంది."

"మీ కాటా తప్పమ్మా," అన్నాడు మేస్త్రి.

"మొన్ననే కొన్నాం."

"కొత్తవే ఎక్కువ తప్పుతాయి. ముప్పై ఏళ్ళుగా నేను చేసేది అదే పని."

మేస్త్రి దుకాణానికి వెళ్ళి, రెండు పదికిలోల ఇనపరాళ్ళనూ ఇత్తడిరాళ్ళ పెట్టెనూ మోపెడు బండి మీద కట్టుకుని తిరిగొచ్చాడు. కాటాను గోడ పక్క నుంచి జరిపి, నేల చదునుగా ఉందో లేదో గోళీ దొర్లించి చూశాడు. నడిమధ్యలో పదికిలోల రాయి పెట్టాడు. పది చూపించింది. రెండోది పెట్టాడు. ఇరవై. నాలుగు మూలల్లో మార్చి మార్చి పెట్టాడు. చవకరకం కాటా అయితే మూలల్లో దొరికిపోతుంది. ఇది దొరకలేదు. ఇత్తడి పెట్టె తెరిచి అరకిలో వేశాడు, రెండువందలు వేశాడు. ఇరవై కిలోల ఏడువందలు.

కాటా తప్పు కావాలని అతను జీవితంలో కోరుకోవడం అదే మొదలు. వంగి, చెవి ఆనించి, కిందనుంచి చూసి, మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. మంచి కాటా. తాను చేసినా ఇంతకంటే బాగా చెయ్యలేడు.

"పాపను ఎక్కించండి," అన్నాడు చివరికి.

ఇరవై ఒకటిన్నర. టీచరమ్మ కాగితంలో ఉన్నదే.

పాప కాటా దిగి ఇత్తడి పెట్టెను చూసింది. మూడేళ్ళ తర్వాత చూడటం. వచ్చి నేల మీద కూర్చుని, అరకిలో తీసి పెట్టింది. పక్కన రెండువందలు. ఆ తర్వాత ఒక రాయి పట్టేంత చోటు వదిలి యాభై పెట్టింది. ఇరవై, పది. పెట్టెలో వంద గ్రాముల గుంట ఎప్పటినుంచో ఖాళీ. ఆ రాయి ఎక్కడో పోయింది. పాప ఖాళీ చోటు మీద వేలు ఆనించి తలెత్తి తల్లి వైపు చూసింది. ఎవరి ముఖమూ చూడని పిల్ల. తల్లి తల తిప్పుకుంది.

అది గమనించే స్థితిలో లేడు మేస్త్రి. పాప వేళ్ళు రాళ్ళ మీద ఉన్నాయి. అది ఒక్కటే అతనికి కనబడింది. రెక్క పట్టుకుని లేపి, వరండాలో కుళాయి దగ్గరికి లాక్కుపోయాడు. సబ్బు రాసి కడిగాడు. మళ్ళీ రాశాడు. గోళ్ళ సందుల్లో బొటనవేలితో రుద్దాడు. పాప విడిపించుకోలేదు. కారుతున్న నీళ్ళను చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో అప్పుడు తెలిసింది అతనికి. తూకం తెలిసిన చెయ్యి కదా.

"చాలండీ," అంది టీచరమ్మ వెనకనుంచి. "చర్మం ఎర్రబడింది."

గేటు దగ్గర భార్య ఆగింది. గొంతు పెంచలేదు.

"సాయంత్రం పాపను తీసుకుని అన్నయ్య వాళ్ళింటికి వెళ్తున్నానండీ. వ్యాను తెస్తానన్నాడు."

"పొట్లాలు కట్టే ఉన్నాయి. ఏడు రోజులవి."

"వద్దు."

"ఎన్నాళ్ళు?"

"దాని బరువు దానికి వచ్చేదాకా." కాస్త ఆగి అంది, "అక్కడ పాలు తాగిస్తాను. చెప్పకుండా చేశాననుకోకండి."

"పథ్యం మానిపిస్తే ఇప్పటిదాకా చేసిందంతా పోతుంది."

"ఏం చేశామండీ ఇప్పటిదాకా?"

అతని దగ్గర దానికి సమాధానం ఉంది. మూడేళ్ళుగా చదివినదంతా గొంతులో ఉంది. పక్కన నిలబడ్డ పాప మోపెడు హ్యాండిలు మీద తల ఆనించింది. ఆకలేసినప్పుడు అలాగే ఆనిస్తుంది. మేస్త్రి వంగి ఇనపరాళ్ళ తాడు బిగించాడు.

*

"వచ్చాడండీ ధర్మప్రభువు," అన్నాడు అరటిపళ్ళాయన, దుకాణం పక్కన బండి నీడలో కూర్చుని. "పెట్టె తీసుకుని ఎక్కడికెళ్ళావు? నీ వంద గ్రాములు దొరికిందా?"

మేస్త్రి పెట్టె దించి దుకాణం తాళం తీశాడు.

"మూడేళ్ళనుంచి నన్ను దొంగని చేశావు. ఆ రాయి నేనేం చేసుకుంటానయ్యా, మెళ్ళో కట్టుకుంటానా?"

"నీ బండి మీద పెట్టాకే పోయింది."

"అయితే అరటిపండు మింగేసి ఉంటుంది. తొక్క తీసి చూసుకో."

మామూలు రోజైతే మేస్త్రి ఏదో ఒకటి అనేవాడు. ఇవాళ లోపలికి పోయి పొయ్యి వెలిగించాడు. ఎవరిదో రెండుకిలోల రాయి అరిగి వచ్చింది. మూకుడులో సీసం ముక్క వేశాడు. బూడిదరంగు ముక్క అంచులు జారి, ఉన్నట్టుండి అద్దంలా మెరిసింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా ఆ మెరిసే క్షణం అందంగానే ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టిన తన ముఖం అందులో కనబడింది. ఇదే చొక్కాలో పాప ముఖం దాచుకుని పడుకునేది కదా అనుకున్నాడు. ఇది కాదు, దాన్ని తగలబెట్టాడు. అయినా ఏ చొక్కా వేసుకున్నా అదే అనిపిస్తుంది. గుండె దగ్గర చిన్న తలకాయ బరువు ఆనుతుంది. వంగి చూస్తే ఏమీ ఉండదు.

ఇరవై ఒకటిన్నర. పొడులు మిల్లీగ్రాముల్లో తూచాడు. పిల్లను తూచలేదు.

సీసం పోశాడు. చల్లారాక తూచాడు. సరిపోయింది. గోడ గడియారం నాలుగు దాటింది. మరో కాటా బాగుచేయాల్సి ఉంది. దాన్ని అలాగే వదిలి తలుపులు వేశాడు. చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, మూల కొట్టుకు వెళ్ళాడు.

"పాలు రెండు ప్యాకెట్లు. ఒక రొట్టె."

"మీ ఇంట్లో పాలు మానేశారుగా మేస్త్రీ?"

"ఇవ్వవయ్యా."

పాలు చల్లగా ఉన్నాయి. మోపెడు ముందు సంచిలో పెట్టుకుని, ఎన్నడూ లేనంత వేగంగా నడిపాడు. ఏమనాలో దారిలో అనుకున్నాడు. ముందు పాలు తాగనీ, తర్వాత మాట్లాడుకుందాం. అంతే అనాలి. మిగతా ఏమీ చెప్పకూడదు.

ఇంటి ముందు వ్యాను చక్రాల గుర్తులు ఉన్నాయి. తాళంచెవి మామూలుగా పెట్టే చోటే, పూలకుండీ కింద ఉంది.

లోపల చీపురు పెట్టి ఊడ్చి ఉంది. పాప గౌన్లు తాడు మీద లేవు. చెంచాలు లేవు, చిన్నదానితో సహా ఏడూ పట్టుకెళ్ళారు. అలమారలో పొట్లాలు అతను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎర్ర గోళ్ళరంగు సీసా మాత్రం బల్ల మీద ఉంది, మూత సగం బిగించి.

కిటికీ గట్టు మీద మందుల డబ్బాలు వరసగా ఉన్నాయి. ఎత్తు ప్రకారం, ఒకదానికొకటి ఆనుకుని. పాప వెళ్ళేముందు పేర్చి ఉంటుంది. వరస చివర, అన్నిటికంటే చిన్నది ఉండాల్సిన చోట, ఒక ఇత్తడి రాయి తలకిందులుగా నిలబెట్టి ఉంది.

మేస్త్రి పాల ప్యాకెట్లు బల్ల మీద పెట్టి దాన్ని తీసుకున్నాడు. తన రాయే. అంచు మీద యజమాని కాలంనాటి నొక్కు. మూడేళ్ళ కిందట పెట్టెకు తాళం వేసిన రోజే ఇది లెక్కలో తగ్గింది. అరటిపళ్ళాయన తీశాడని తనే ఊరంతా చెప్పాడు. పక్కలు పిల్ల వేళ్ళకు నున్నగా అరిగి మెరుస్తున్నాయి. మూడేళ్ళు, రోజూ, తను ఇంట్లో లేని గంటలన్నీ.

అడుగున సీసం కనబడలేదు. దాని మీద ఎర్రరంగు. పూత మీద పూత, పెచ్చు లేచినచోటల్లా మళ్ళీ పూత, గుంట నిండి ఉబికేదాకా. బిడ్డకు ఆ రాయి ఇవ్వకుండా ఉండలేకపోయింది భార్య. అతను చెప్పిందాన్ని నమ్మకుండానూ ఉండలేకపోయింది. ప్రయాణానికని మరో పూత వేసి, ఆరడానికి గట్టు మీద పెట్టి, తొందరలో మరిచిపోయినట్టుంది.

ఇప్పుడు పాప చెయ్యి వ్యానులో దీనికోసం వెతుకుతూ ఉంటుంది.

అతను రాయిని జాగ్రత్తగా తలకిందులుగానే బల్ల మీద, చెమట పట్టిన పాల ప్యాకెట్ల పక్కన పెట్టాడు. తూచలేదు. రంగుతో కలిపి వందకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. ఎర్రటి పూత ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని మధ్యలో అతని బొటనవేలి గీతలు పడి ఉన్నాయి.