మూడు బ్లాగులకూ ఒకే చీటీ

ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. పదో తరగతిలోనే చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఏడాదిన్నర బిడ్డకు తల్లి. అన్నయ్య భార్య వెబ్‌సైట్లు చేస్తుంది. ఆ వదినే మొదటిసారి ఒక పని ఆమె చేతిలో పెట్టింది. ఒకే సర్వర్‌లో మూడు ఫోల్డర్లు, ఒక్కోదానిలో ఒక్కో బ్లాగు: కుట్టుపని, తోటపని, ఒక నర్సమ్మ రాసే పసిపిల్లల ఆరోగ్యం కబుర్లు.

"కుట్టుపనిది నేను పెట్టేశాను. అది చూసి మిగతా రెండూ పెట్టు. మధ్యాహ్నానికి నర్సమ్మది తెరుచుకోకపోతే మాత్రం పని వేరేవాళ్లకివ్వక తప్పదు, ఏమనుకోకు," అంది వదిన.

మొదటి పేజీలు మూడూ బాగానే వచ్చాయి. కానీ నర్సమ్మ బ్లాగులో 'జ్వరం' మీద నొక్కితే కుట్టుపని బ్లాగు ఊడిపడి, "మీరడిగిన పేజీ ఇక్కడ లేదు" అంటోంది.

పిచ్చుక కంగారుగా సెట్టింగులన్నీ మార్చింది, మళ్లీ వెనక్కి మార్చింది. పదకొండు దాటింది. ఆ కంగారులోనే, పొద్దున పాపను దింపి వచ్చిన క్రెష్ నుంచి ఫోన్.

"ఏమ్మా, మీ పాప ఇప్పటిదాకా పాలు తాగలేదు," అంది ఆయా.

"ఒంట్లో బాలేదా? ఒళ్లు వెచ్చగా ఉందా పిన్నీ?"

"గుండ్రాయిలా ఉంది తల్లీ! సీసానే పెద్దపిల్లల గదికి పోయింది. సంచి మీద మీ వదినగారమ్మాయి పేరుంది కదా, చూసి అక్కడ పెట్టేశారు. పాత సంచి తెచ్చుకుంటే పేరు మార్చుకోవద్దూ? ఇప్పుడే ఇచ్చాను, తాగుతోంది. పరిగెత్తుకు రాకు."

పాప పాలు గుక్కలు వేస్తున్న చప్పుడు వినిపించేదాకా పిచ్చుక ఆయాను ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. తర్వాతే కూర్చుంది.

కూర్చున్నాక ఆలోచన వచ్చింది. ప్రతి బ్లాగు ఫోల్డర్‌లోనూ మామూలుగా కంటికి కనిపించని చిన్న ఫైలొకటి ఉంటుంది. వచ్చినవాళ్లను ఏ గుమ్మానికి తీసుకెళ్లాలో చెప్పేది అదే. వదిన రాసిన ఫైలును పొల్లుపోకుండా రెండు ఫోల్డర్లలోకీ కాపీ చేసింది తనే. తెరిచి చూసింది. నర్సమ్మ ఫోల్డర్‌లో కూర్చుని అది రెండు వరుసల్లోనూ కుట్టుపని ఫోల్డర్ పేరే చెబుతోంది.

పేరు మార్చింది. తోటపనిదీ మార్చింది. మళ్లీ 'జ్వరం' నొక్కింది. జ్వరమే వచ్చింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా వదినకు ఫోన్ చేసి, సంచి సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పింది.

"ఆ సంచి ఇచ్చింది నేనే కదే!" వదిన పకపకా నవ్వింది. "సరే, రేపొస్తున్న నాలుగో బ్లాగూ నువ్వే పెట్టు. ముందు పేరు మార్చి మరీ."

"అలాగే వదినా," అంది పిచ్చుక. అప్పటికే ఆమె రెండో చెయ్యి సొరుగులో మార్కర్ కోసం వెతుకుతోంది.