దేవకమ్మ మిద్దె మీద నిలిపిన నీళ్లు

పుత్తూరులో దేవకమ్మ టీచరు కొత్తింటికి ఆ పొద్దు వీధి వీధంతా కదిలొచ్చింది. చిత్తూరు వినియోగదారుల ఫోరం తనిఖీకి పంపిన ఇంజనీరు హరినాథ్ జీపు దిగాడు మరి! వకీలు లేకుండా తెల్లకాగితం మీద టీచరు తానే ఫిర్యాదు రాసుకుపోయినప్పుడు నవ్వినవాళ్లే ఇవాళ ముందు వరుసలో నిలబడ్డారు.

ఇల్లు కట్టి ఏడాది తిరక్కముందే పడమటి గది కారడం మొదలైంది. కట్టిన కాంట్రాక్టరు మునిరత్నం బాగుచేయనన్నాడు. కూతురు ప్రసన్నను తొలికాన్పుకు తెచ్చుకోవలసింది ఆ గదికే. కార్తీక మాసం వానలు ముంచుకొస్తున్నాయి. తప్పు ఎవరిదని ఇంజనీరు తేలుస్తాడోనని దేవకమ్మ అతని వెంటే తిరుగుతోంది.

"టీచరమ్మ బడికి పోయేసింది సార్. స్లాబును నీళ్లతో తడపకుండా ఎండబెట్టేసింది. నెర్రెలు ఇయ్యవా?" అన్నాడు మునిరత్నం.

"పొద్దునా సాయంత్రం తడిపినానప్పా. సుబ్బులమ్మను అడుగు!"

"నా నడుము నొప్పినడిగినా చెప్తాది, ఎన్ని బిందెలు మోసినామో!" అంది పక్కింటి సుబ్బులమ్మ.

హరినాథ్ గది పైన మట్టితో గట్టు కట్టించి, నిండా నీళ్లు నిలిపించి, అందరినీ కిందికి తీసుకొచ్చాడు. గదిలో తలలన్నీ పైకి లేచాయి. ఎంతసేపు చూసినా సున్నం తెల్లగానే ఉంది. మునిరత్నం కాలరు సర్దుకున్నాడు.

"అదో! అదో సూడండి!" సుబ్బులమ్మ కేక పెట్టింది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పాపిట తీసినట్టు ఒకే తడి గీత. తొలి చుక్క మునిరత్నం చొక్కా మీదే పడింది.

"తడపకపోతే నెర్రెలు వలమాదిరి లేస్తాయి. ఇది ఒకటే గీత," అన్నాడు హరినాథ్. "పోస్తా పోస్తా మధ్యలో ఆపినారా?"

మునిరత్నం రొమ్ము విరిచాడు. "ఆపకుండా ఎట్ల సార్? శుక్రవారం, రాహుకాలం వచ్చేసింది. రాహుకాలంలో కాంక్రీటు పోసే పాపం ఈ మునిరత్నం జన్మలో చెయ్యడు! అన్నాలు తిని, పొద్దు దిగినాక మళ్లా పట్టుకున్నాం."

"టీచరు ఆపమనిందా?"

"ఆయమ్మకేం తెలుసు? ఆపొద్దప్పా, పోసెయ్యి అని పోరు పెట్టింది. నేనే ఇన్లేదు!"

సుబ్బులమ్మ కిసుక్కున నవ్వింది. గది గదంతా గొల్లుమంది. మునిరత్నానికి ఎందుకో అర్థం కాలేదు.

"గట్టిపడినదాని పక్కన పచ్చిది పోసేటప్పుడు, అంచు గీరి, అతుక్కునేదానికి సిమెంటు పాలన్నా పోసినావా?"

"పాలా సార్?"

"రెండు ముక్కలూ అతకలేదయ్యా. నువ్వు చెప్పింది చెప్పినట్టే నివేదికలో రాస్తాను."

మునిరత్నం మొహం వాడిపోయింది. జీపు పోయాక దేవకమ్మ ఇచ్చిన మజ్జిగ చేతిలో పట్టుకుని మెల్లగా అన్నాడు: "నేనే బాగుచేస్తా టీచరమ్మా. కేసు తీసేయండి."

"చెయ్యి నాయనా, సంతోషం. ఆ మాట చిత్తూరులో ఫోరం ముందర చెప్పు. అక్కడ రాసుకున్నాకే నాకు నిద్ర పట్టేది."

వాయిదా నాడు ఫోరంలో నివేదిక చదివారు. మునిరత్నం తల వంచి ఒప్పుకున్నాడు. వానలకు ముందే సొంత ఖర్చుతో బాగుచేయాలని, చేయకపోతే ఆమె మళ్లీ అక్కడికే రావచ్చని ఉత్తర్వు రాశారు. దేవకమ్మ మెట్లు దిగి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి ఒక్క పరుగు తీసింది.

"ప్రసన్నా! గెలిచినామే! గుడ్డలు సర్దుకో!"

ఆమె గొంతు రోడ్డంతా వినిపించింది. బయట నిలబడ్డ మునిరత్నం అద్దం తట్టాడు.

"దీపావళి పోయినాక రమ్మనండమ్మా. బాలింతరాలు పడుకునే గది, బాగా ఆరనిద్దాం."

దేవకమ్మ అతని వంక ఒక్క క్షణం చూసి, ఆ మాటే ఫోన్లో చెప్పింది.