మనోంగ్ సియో తాగి లేడు

మా ఊళ్ళో బాస్కెట్‌బాల్ ఆటలకు నా భర్త ఎలిసియో రెఫరీ. పగలంతా పడవలు బాగుచేసి, సాయంత్రం మెడలో ఈల వేసుకుని చర్చి పక్కనున్న కోర్టుకు వెళ్ళేవాడు. ఊరంతా అతన్ని మనోంగ్ సియో అనేది, అంటే సియో అన్నయ్య అని. ఆట మొదలైతే మాత్రం ఆ మర్యాద ఉండేది కాదు. "గుడ్డి మనోంగ్" అనేవారు. ఆ తిట్లన్నీ ఇంటికి మోసుకొచ్చి, అన్నం తింటూ నాకు చెప్పి నవ్వేవాడు. ఎవరూ తిట్టని రోజు ఆట చప్పగా సాగిందని వాపోయేవాడు.

పోయినేడు వానలప్పుడు అతని మాట ముద్దగా రావడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ తూలేవాడు. ఒక సాయంత్రం ఈల ఊదితే గాలి తప్ప చప్పుడు రాలేదు. ఆటగాళ్ళు ఆగలేదు. "కొబ్బరి కల్లు ఎక్కువైనట్టుంది" అన్నారెవరో. జనం నవ్వారు. ఆ రోజు అన్నం దగ్గర సియో ఏ తిట్టూ చెప్పలేదు.

పోటీలు నడిపే దాదో మా గుమ్మం దాకా వచ్చాడు. ఊళ్ళో నన్ను మనాంగ్ అంటారు, అంటే అక్క అని.

"మనాంగ్ ఫెలీ, అన్నకి నువ్వే చెప్పు. ఇంట్లో తాగితే నాకెందుకు, కోర్టుకి మాత్రం అలా రావద్దను."

"మీ అన్న కల్లు వాసన పడక మా పెళ్ళి విందులోంచే లేచి వెళ్ళిపోయాడు. నీకు తెలీదా?"

దాదో తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. నమ్మినట్టు లేడు.

మా అత్త మంత్రగాణ్ణి పిలిపించి పొగ వేయించింది. దాంతో దగ్గొచ్చింది తప్ప ఇంకేమీ రాలేదు. చివరికి ఇలోయిలో నగరంలో ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మోటార్ న్యూరాన్ వ్యాధి అంది. కండరాలను కదిలించే నరాల కణాలు కొంచెం కొంచెంగా చచ్చిపోతాయట. చేతులు, కాళ్ళు, నాలుక, ఆఖరికి ఊపిరి కూడా. నయం చేసే మందు లేదు, కానీ హాయిగా ఉంచడానికి చేయగలిగింది చాలా ఉందని చెప్పింది.

సియో కుర్చీలో ముందుకు జరిగాడు. "అయితే డాక్టరమ్మా, ఇది తాగుడు కాదన్నమాట."

"కాదు."

"విన్నావుగా ఫెలీ. నువ్వే సాక్షి."

తిరిగి వచ్చేటప్పుడు జీప్నీ బండిలో నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అతను నా భుజానికి తల ఆనించి, "ఊళ్ళో చెప్పాలి" అన్నాడు. "రేపు ఇంకొకడు తూలితే వాణ్ణీ తాగుబోతనే అంటారు."

ఊరి పండగ ఫైనల్ నాటికి అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. మాట నాకొక్కదానికే అర్థమయ్యేది. అసలు సంగతి దాదోకి ముందే చెప్పాం. ఆట సగంలో విరామమప్పుడు తనే కుర్చీ తోసుకుంటూ కోర్టు నడిమధ్యకు తీసుకెళ్ళి నా చేతికి మైకిచ్చాడు. సియో మాట్లాడాడు. నేను మైకులో చెప్పాను.

"నా నాలుక నా మాట వినడం లేదు. చెవులు మాత్రం బాగున్నాయి. ఇన్నేళ్ళూ మీరు తిట్టినవన్నీ గుర్తున్నాయి."

జనం నవ్వాలా వద్దా అన్నట్టు చూశారు. అతను జబ్బు పేరు చెప్పాడు. ఇది అంటుకోదు, చేతబడి కాదు, తాగుడు అసలే కాదు అన్నాడు. మాట ముద్దగా వస్తున్నా, చేతి పట్టు సడలుతున్నా దాచుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. అది నేను మైకులో చెప్పలేదు. అతను వేలితో కుర్చీ చేతిని తడుతూనే ఉన్నాడు.

"ఏమన్నాడు మనాంగ్?" అని జనం కూర్చున్న మెట్ల మీంచి అడిగారు.

"అన్నం వదిలేస్తున్నది మింగలేక కాదట. నా వంట అలా ఉంటుందట."

కోర్టంతా నవ్వింది. "కళ్ళు లేవనుకున్నాం మనోంగ్, నాలుక్కి రుచి కూడా లేదా?" అన్నాడొకడు. సియో మొహం వెలిగిపోయింది. దాదో ఆటగాడి తువ్వాలు లాక్కుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక చేపలమ్మే నెనిత నా దగ్గరికొచ్చింది. "మనాంగ్, మా తమ్ముడు క్రిస్పిన్ కూడా అచ్చం ఇలాగే. రెండేళ్ళుగా వెనక గదిలో ఉన్నాడు. ఎవరో చేతబడి చేశారని అమ్మ కిటికీ కూడా తీయనివ్వదు."

ఆ ఆదివారమే వాళ్ళింటికి వెళ్ళాం. మగవాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. క్రిస్పిన్ ఏదో గొణిగాడు. నెనిత మొహమాటపడుతూ, "ఒకప్పుడు మా జట్టుకి అన్యాయం చేసింది నువ్వేనా అంటున్నాడు" అంది.

"అది ఫౌలేనని చెప్పమంటున్నాడు" అన్నాను.

"కాదంటున్నాడు."

"గుడ్డివాడు ఎవరో అడగమంటున్నాడు."

నెనిత తెచ్చిన గంజి చల్లారిపోయినా ఆ పోట్లాట తెగలేదు. వాళ్ళ మాటలు అటూ ఇటూ మోసి మోసి నాకూ నెనితకీ చెమటలు పట్టాయి. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి కొడుకునే చూస్తోంది. కాసేపటికి లోపలికొచ్చి కిటికీ తెరిచింది. గంజి చిక్కగా కాచి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి కొంచెం కొంచెంగా ఎలా తినిపించాలో ఆమెకు చూపించాను. తర్వాత క్రిస్పిన్‌ని మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. అదే జబ్బు.

ఇప్పుడు సియోకి మెడ నిలవదు. అట్ట మీద అక్షరాలను కళ్ళతో చూపిస్తాడు. మొన్న ఇద్దరినీ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాం. పడవలు చూస్తూ చూస్తూ ఇద్దరూ కునుకు తీశారు. నేనూ నెనితా ఇసుకలో కాళ్ళు చాపుకుని, ఎవరి మాటా మోయకుండా, చాలాసేపు మా కబుర్లు మేం చెప్పుకున్నాం.